హీరో వేషం కాదు, మనిషి వేషం: మన చిత్తూరు నాగయ్య

ఎండాకాలం వచ్చిందంటే మన పక్క పల్లెల్లో భారతం మొదలవుతుంది. ధర్మరాజుల గుడి ముందర పగలు హరికథ, రాత్రి వీధినాటకం. అర్జునుడు తపస్సు మాను ఎక్కే దినం చూసినారు కదా? ఆ వేషం కట్టే మనిషి మామూలు దినాల్లో టమోటా తోటలో కూలికి పోతుంటాడు, లేదంటే ఆటో తోలుతుంటాడు. ఆ దినం మాత్రం ఉపవాసం. మాను ఎక్కి పైనుంచి నిమ్మకాయలు, విభూతి విసురుతుంటే కింద పిల్లలు లేని ఆడోళ్లు కొంగు పట్టుకొని నిలబడతారు. ఆ గడియకు ఆయన కూలోడు కాదు, అర్జునుడే. తెల్లారి మళ్లా అదే తోటకు పోతాడు.

మన పల్లె జనం నటుణ్ని కొలిచే కొలత ఇదే. ఎవురు కట్టినాడు అని కాదు, వేషాన్ని నిలబెట్టినాడా లేదా అని. ఈ కొలతను సినిమాలోకి తీసుకుపోయిన మనిషి ఒగాయన ఉండాడు. పేరు ముందర మన ఊరినే పెట్టుకున్నాడు. చిత్తూరు నాగయ్య. పోయి యాభై ఏండ్లు దాటిపోయింది. ఈ తరం పిలకాయలకు ఆయన పేరు తెలిసినా, పాత సినిమాల్లో గడ్డం పెట్టుకొని ఆశీర్వాదాలు ఇచ్చే ముసలాయనగానే తెలుసు. అసలు కథ అది కాదు.

ఈ కథ ఇప్పుడెందుకంటే, మన ఊర్లలో ఇప్పుడు ప్రతి చేతిలో ఫోనుంది, ప్రతి ఫోన్లో కెమెరా ఉంది. రీల్సు చేసే తమ్ముళ్లు, చెల్లెళ్లు శానామంది నన్ను అడుగుతుంటారు, అన్నా సినిమాలో ఛాన్సు ఎట్ల వస్తుంది అని. హీరో ఛాన్సు, హీరోయిన్ ఛాన్సు. ఏ పాత్ర చేయాలని ఉందో మాత్రం ఒక్కరూ చెప్పరు. నాగయ్య బతుకంతా ఆ రెండో సంగతి చుట్టూనే తిరిగింది.

ఆయన అసలు పేరు ఉప్పలదడియం నాగయ్య. పుట్టింది మన పక్క కాదు, గుంటూరు జిల్లా రేపల్లెలో, 1904 మార్చి 28న. కానీ నటుడిగా పుట్టింది చిత్తూరులోనే. ఆ కాలంలో చిత్తూరులో రామవిలాస సభ అని నాటక సమాజం ఉన్నింది. వకీళ్లు, గుమస్తాలు, వ్యాపారం చేసుకునేవాళ్లు సాయంత్రం పని ముగించుకొని రిహార్సలుకు కూర్చునే కాలం అది. నాగయ్య కూడా గుమస్తా పని చేసినాడు, పత్రికలో పని చేసినాడు, గాంధీ గాలి తగిలించుకున్నాడు. సారంగధర లాంటి నాటకాల్లో వేషం కట్టినాడు. గొంతు మంచిది కాబట్టి గ్రామఫోను రికార్డులు కూడా ఇచ్చినాడు. మద్రాసుకు పోయేనాటికి ముప్పై దాటేసినాడు. ఇరవై ఐదేండ్లకే జీవితం అయిపోయిందని దిగాలు పడే తమ్ముళ్లు ఈ లెక్క గుర్తు పెట్టుకోవాల. ఆయన మొదటి సినిమా గృహలక్ష్మి. 1938లో వచ్చింది. అప్పటికి ఆయనకు 34 ఏండ్లు.

ఇక్కడ పని గురించి ఒక మాట చెప్పాల. ఆ కాలం నాటకంలో మైకు ఉండదు. ఆఖరి వరసలో కూర్చున్నోడికి కూడా వినపడాలంటే గొంతు చించుకోవాల్సిందే. పద్యం ఎత్తుకుంటే రాగం తీసుకుంటా పోవాల్సిందే, జనం ఒన్స్ మోర్ అంటే మళ్లా పాడాల్సిందే. నాటకం నుంచి సినిమాకు పోయిన శానామంది ఆ అలవాటుతోనే పోయినారు. కెమెరా మూడడుగుల దూరంలో ఉన్నా వంద గజాల దూరం ఉన్నట్టే అరిచేవాళ్లు. నాగయ్య ఆ మర్మం తొందరగా పట్టుకున్నాడు. మైకు ఉంది కాబట్టి అరవక్కర్లేదు, కెమెరా దగ్గరుంది కాబట్టి చేతులు ఊపక్కర్లేదు. మాట మెల్లగా, ఇంట్లో మాట్లాడినట్టు. పాట కూడా అట్లే. అప్పట్లో నటుడే పాడాల, వెనకనుంచి ఇంకొకరు పాడే పద్ధతి ఇంకా కుదురుకోలేదు. నాగయ్య పాటను కచేరీ మాదిరి సాగదీయడు. ఆ మనిషికి ఆ గడియలో ఎంత పాట వస్తుందో అంతే పాడతాడు. గొంతు చూపించుకోవడం ఆయనకు ముఖ్యం కాదు, పాడే మనిషిని చూపించడం ముఖ్యం.

ఇంగ పాత్రల సంగతి. గృహలక్ష్మిలో ఆయనది హీరో వేషం కాదు. సంఘ సంస్కరణ కోసం తిరిగే మనిషి వేషం, కల్లు మానమని జనానికి పాడి చెప్పే వేషం. తీసినాయన హెచ్.ఎం.రెడ్డి. సినిమాలో కన్నాంబ, కాంచనమాల లాంటి పెద్దోళ్లు ఉన్నా, జనం నోట్లో నాగయ్య పాట నిలబడిపోయింది.

మరుసటేడు, 1939లో, బి.ఎన్.రెడ్డి వాహినీ సంస్థ పెట్టి వందేమాతరం తీసినాడు. నాగయ్య హీరో, కాంచనమాల హీరోయిన్. కథ ఏందంటే, చదువుకొని ఉద్యోగం దొరకని యువకుడి కథ. డిగ్రీ చేతిలో పట్టుకొని ఊరూరా తిరిగే తమ్ముళ్లారా, మీ కథను తెలుగు సినిమా ఎనభై ఏండ్ల కిందటే చెప్పింది, చెప్పింది మన చిత్తూరు నాగయ్య ముఖంతో.

ఆ సినిమా బాగా ఆడింది. ఇప్పటి లెక్క ప్రకారం ఐతే ఏం చేయాల? ఇంకా కుర్ర హీరో వేషాలు వేయాల, మేకప్ తెల్లగా కొట్టించుకోవాల. నాగయ్య ఏం చేసినాడో చూడండి. 1940లో అదే వాహినీ వాళ్లు సుమంగళి తీసినారు. వితంతు వివాహం గురించిన కథ. అందులో హీరో వేరే ఆయన. నాగయ్య కట్టింది ముసలి పంతులు వేషం, కందుకూరి వీరేశలింగం గారిని తలపించే వేషం. వయసు 36. నిన్నటి హీరో ఈ రోజు వంగిపోయిన నడుముతో, నెరిసిన వెంట్రుకలతో తెర మీదికి వచ్చినాడు. ఎవరో బలవంతం చేస్తే ఇట్ల నిలబడదు. ఆ కథకు ప్రాణం ఆ ముసలాయనలో ఉంది, కాబట్టి నాగయ్య అక్కడికి పోయినాడు. హీరో పక్కన ముసలోడిగా కనపడితే నా మార్కెట్ పోతుందేమో అనే లెక్క ఆయన దగ్గర లేదు.

1941లో దేవత. మళ్లా హీరోనే. కానీ ఎట్లాంటి హీరో? ఇంట్లో పనిచేసే పేద పిల్లను నమ్మించి మోసం చేసే చదువుకున్న ఆసామి. తర్వాత పశ్చాత్తాపపడతాడు, అది వేరే సంగతి. కానీ తప్పు చేసినంతసేపు తప్పు చేసినట్టే కనపడతాడు. నేను మంచోడినే, పరిస్థితులు అట్ల వచ్చినాయి అని ముఖంలో సాకు చూపించడు. ఈ మూడు సినిమాలు వరసగా పెట్టి చూస్తే మనిషి అర్థమవుతాడు. ఉద్యోగం లేని కుర్రోడు, ముసలి సంస్కర్త, ఆడపిల్లను మోసం చేసిన ఆసామి. మూడేండ్లలో మూడు రకాల మనుషులు. ముగ్గురికీ ఒకే గొంతు, ఐనా ముగ్గురూ వేరు.

తర్వాత వచ్చింది భక్త పోతన. కె.వి.రెడ్డి దర్శకుడిగా చేసిన మొదటి సినిమా అదే. భాగవతం తెలుగు చేసిన పోతన మావోడంటే మావోడని ఒంటిమిట్టోళ్లు, బమ్మెరోళ్లు ఈనాటికీ కొట్లాడుకుంటారు. ఎవరి ఊరోడైనా మనకు ముఖ్యమైంది ఒకటుంది. కావ్యం రాజుకు అంకితమిచ్చి దుడ్లు తీసుకోకుండా, మడక దున్నుకొని బతికిన కవి ఆయన. నాగయ్య ఆ పోతనను మహిమలు చూపించే సామి మాదిరి చేయలేదు. పొలం పని చేసుకునే సంసారి మాదిరి చేసినాడు. చేయి చాచడం రాని మనిషి ముఖం ఎట్లుంటుందో అట్ల చేసినాడు. జనం ఎంతగా నమ్మినారంటే, నాగయ్య బయట కనపడినా కాళ్లకు మొక్కినారని, హారతులు పట్టినారని మన పెద్దోళ్లు కథలు కథలుగా చెప్తారు.

ఇక్కడే అసలు గండం. జనం ఒక నటుణ్ని దేవుణ్ని చేసినారంటే ఆయన్ను పీఠం మీద కూర్చోబెట్టి కట్టేసినట్టే. అక్కడినుంచి దిగితే కోపం, దిగకపోతే నటన చచ్చిపోతుంది. నాగయ్య దిగినాడు. 1945లో బి.ఎన్.రెడ్డి స్వర్గసీమలో, బంగారం లాంటి పెండ్లాన్ని ఇంట్లో పెట్టుకొని నాటకాల ఆడమనిషి మోజులో పడి కొట్టుకుపోయే మొగుడి వేషం కట్టినాడు. ఆ ఆడమనిషి వేషం భానుమతిది. పోతనకు మొక్కిన చేతులే ఈ మొగుణ్ని చూసి ఛీ అనాల. నటుడు ఒప్పుకోవాల్సిన బేరం అది. నాగయ్య ఒప్పుకున్నాడు.

అదే ఏడు తమిళంలో మీరా వచ్చింది. తీసింది ఎల్లిస్ డంగన్ అనే అమెరికాయన, మీరాగా ఎం.ఎస్.సుబ్బులక్ష్మి. భక్తుడి వేషాలతో పేరు తెచ్చుకున్న నాగయ్య అందులో భక్తుడు కాదు. భక్తురాలైన పెండ్లాం ఏమైపోతోందో అర్థంకాక నలిగిపోయే రాణా. అంతకు ముందు 1941లోనే తమిళ అశోక్ కుమార్ లో త్యాగరాజ భాగవతార్ పక్కన అశోక చక్రవర్తి వేషం కట్టి ఉన్నాడు. తమిళం, తెలుగు రెండూ మన సరిహద్దు నాలుకకు అలవాటే కదా. చిత్తూరు సంతలో బేరమాడే ముసలమ్మ కూడా రెండు భాషల్లో తిట్టగలదు. ఆ రెండు భాషల ఊరి నాటకాల్లో ఎదిగిన నాగయ్య రెండు భాషల సినిమాల్లోనూ నిలబడినాడు.

1946లో త్యాగయ్య. ఇది ఆయన సొంత సినిమా. నటన ఆయనదే, దర్శకత్వం ఆయనదే, సంగీతం ఆయనదే, దుడ్లు కూడా ఆయనవే. తంజావూరు సీమలో తిరువయ్యూరులో కూర్చొని తెలుగులో పాడుకున్న మనిషి త్యాగరాజు. రాజు పిలిచి నిధి ఇస్తానంటే పోని మనిషి. సంగీతం వచ్చిన నటుడు ఈ వేషం దొరికితే కచేరీ చేసేస్తాడు. నాగయ్య కచేరీ చేయలేదు, పాట ఆ మనిషికి ఊపిరి మాదిరి వచ్చేటట్టు చేసినాడు. మైసూరు మహారాజు లాంటి వాళ్లు కూడా ఆయన్ను గౌరవించినారు.

1947లో యోగి వేమన, మళ్లా కె.వి.రెడ్డి. వేమన మన రాయలసీమోడు, కదిరి పక్కన కటారుపల్లిలో ఆయన సమాధి ఉంది. ఈ వేషం పోతన మాదిరి కాదు. పోతన మొదటినుంచీ మంచోడు. వేమన ముందర భోగి. ఆడమనిషి పిచ్చి, తర్వాత బంగారం చేసే పిచ్చి, ఇంట్లో ఎవురేమైపోతున్నా పట్టదు. ప్రాణంగా చూసుకున్న చిన్నపిల్ల చచ్చిపోయినప్పుడు అంతా కూలిపోతుంది, అక్కడినుంచి యోగి అవుతాడు. ఒకే మనిషి లోపల ఇద్దరు మనుషులు. భోగిగా ఉన్నప్పుడు యోగి అవుతాడనే సూచన ముఖంలో రానీయకూడదు, యోగి అయినాక భోగి గుర్తులు పూర్తిగా పోకూడదు. నన్నడిగితే నాగయ్య చేసిన వేషాల్లో ఇదే పెద్దది. పోతన ఆడినట్టు వేమన ఆడలేదు. ఆడిన సినిమానే మంచి సినిమా అనుకునేవాళ్లు ఒకసారి దీన్ని చూడాల.

ఆ రోజుల్లో నాగయ్యను మన దేశం పాల్ మ్యూని అని పిలిచినారు. పాల్ మ్యూని అమెరికా నటుడు. కుక్కకాటు మందు కనిపెట్టిన లూయీ పాశ్చర్ వేషం, ఫ్రెంచి రచయిత ఎమిలీ జోలా వేషం కట్టి పేరు తెచ్చుకున్నాడు. చరిత్రలో ఉన్న మనిషిని తెర మీదికి తేవాలంటే తన ముఖాన్ని దాచుకోవాల, ఆ మనిషి ముఖం కనపడాల. ఇద్దరూ ఆ పనే చేసినారు. ఐతే నాకు ఈ బిరుదు కంటే పేరు ముందరున్న చిత్తూరే ఎక్కువ నచ్చుతుంది. మ్యూనితో పోలిక ఎవురో పైవాళ్లు పెట్టింది. చిత్తూరు పేరు ఆయన పని నేర్చుకున్న చోటునుంచి వచ్చింది.

1950లో బీదలపాట్లు. కోయంబత్తూరు పక్షిరాజా స్టూడియో వాళ్లు తెలుగులోనూ, తమిళంలోనూ తీసినారు. ఫ్రాన్స్ రచయిత విక్టర్ హ్యూగో రాసిన పెద్ద నవల దానికి మూలం. ఆకలికి రొట్టె దొంగిలించి, జైలుపాలై, బయటికి వచ్చినాక మంచోడిగా బతుకుదామంటే చట్టం వెంటపడి తరిమే మనిషి కథ. పోతన, త్యాగయ్య చేసిన నాగయ్యే ఈ దొంగ వేషం కట్టినాడు. ఇక్కడ నాకు ఆయన అసలు గుణం కనపడుతుంది. దొంగలో ఉండే మనిషిని, భక్తుడిలో ఉండే మనిషిని ఆయన ఒకే తీరుగా వెతుక్కున్నాడు. పెద్దోడా, చిన్నోడా, పూజ చేసేవాడా, దొంగతనం చేసేవాడా అని చూడలేదు. లోపల నలిగే మనిషి ఉన్నాడా అని చూసినాడు. ఉంటే ఆ వేషం తనదే అనుకున్నాడు.

ఇంతవరకు చదివి చప్పట్లు కొట్టి పోవచ్చు. కానీ మిగతా కథ కూడా చెప్పకపోతే నేను మీకు అబద్ధం చెప్పినట్టే.

ఒక కాలంలో దక్షిణాదిలో అందరికంటే ఎక్కువ దుడ్లు తీసుకున్న నటుల్లో నాగయ్య ఒకడు. ఆ దుడ్లు నిలవలేదు. మద్రాసులో ఆయన ఇల్లు సత్రం మాదిరి ఉండేదంటారు. ఎవురొచ్చినా బువ్వ, ఎవురడిగినా సాయం. అప్పని తీసుకొని తిరిగిచ్చినోళ్లు తక్కువ. సొంతంగా తీసిన సినిమాలు కూడా ఆస్తిని కరిగించినాయి. 1953లో నా ఇల్లు తీసినాడు. తర్వాత భక్త రామదాసు మొదలుపెట్టినాడు, అది ముగిసి జనం ముందరికి వచ్చేసరికి 1964. అప్పటికి ఆయనకు 60 ఏండ్లు.

రామదాసు కథ మీకు తెలుసు. సర్కారు శిస్తు సొమ్మును భద్రాచలం రాముడి గుడికి ఖర్చు పెట్టి, గోల్కొండ జైల్లో మగ్గిన తహసీల్దారు కంచర్ల గోపన్న. నాగయ్య కూడా అంతే కదా. ఉన్నదంతా పక్కోడి ఆకలికి, తన కళకు పెట్టేసి, ఆఖరికి తను అప్పుల చెరలో పడినాడు. పోతన మాదిరి చేయి చాచలేడు. త్యాగయ్య మాదిరి నిధి దాచుకోలేడు. వేషాలు విప్పి పక్కన పెట్టడం వచ్చిన మనిషికి, ఆ వేషాల గుణం మాత్రం ఒంటికి అంటుకొని పోయింది.

తర్వాత ఆయన చిన్న చిన్న వేషాలు వేసినాడు. తండ్రి, తాత, ఋషి. సీతారామ కల్యాణంలో దశరథుడు, లవకుశలో వాల్మీకి. ఒకప్పుడు సినిమా మొత్తం భుజాన మోసిన మనిషికి నాలుగు సీన్లు. అవసరం కోసం వేసినాడు, అందులో సిగ్గుపడాల్సింది లేదు. లవకుశలో వాల్మీకిని ఒకసారి చూడండి. సీతమ్మ పక్కన నిలబడినప్పుడు ఆయన కండ్లలో ఉండే కనికరం చూడండి. వేషం చిన్నదని పని తగ్గించిన మనిషి కాదని తెలుస్తుంది. మన భారతంలో ద్వారపాలకుడి వేషం కట్టినోడు కూడా పొద్దు పోయేదాకా నిటారుగా నిలబడతాడే, అట్లే.

1965లో పద్మశ్రీ వచ్చింది. బిరుదు వచ్చింది గానీ బాధలు తీరలేదు. 1973 డిసెంబర్ 30న మద్రాసులో కన్నుమూసినాడు. వయసు 69. కోట్ల వ్యాపారం చేసే పరిశ్రమ తన పునాదిరాయి లాంటి మనిషిని ముసలితనంలో చూసుకోలేకపోయింది. ఆయన దానగుణం వల్ల అట్లయింది అని శానామంది చెప్తారు. అందులో సగమే నిజం. ఇంకో సగం ఏందంటే, నటుడు ఒంట్లో శక్తి ఉన్నంతవరకే వాడుకొని, తర్వాత వదిలేసే పద్ధతి. పింఛను లేదు, భద్రత లేదు. మనిషి మంచితనం మీద తప్పు తోసేసి, వ్యవస్థ గమ్మున తప్పించుకుంటుంది.

ఇది పాతకాలం మాట అనుకోవద్దు. మన ఊరి భారతంలో ముప్పై ఏండ్లు ధర్మరాజు వేషం కట్టిన ముసలాయన్ను నేను చూసినాను. గొంతు పోయినాక ఆయన్ను పిలిచే ఊరు లేదు. పింఛను కాగితాలు పట్టుకొని ఆఫీసు మెట్లు ఎక్కి దిగి అలిసిపోయినాడు. కళాకారుడని రుజువు చూపించమన్నారంట. ధర్మరాజు తన ధర్మానికి సర్టిఫికెట్ యాడినుంచి తెస్తాడు? వీధినాటకం, హరికథ, తోలుబొమ్మలాట చేసినోళ్ల పేర్లు ఊరూరా రాసి, పింఛను ఇంటికి చేరేటట్టు చేయమని మనం అడగాల. నాగయ్య పేరుతో చిత్తూరులో కళాక్షేత్రం ఉంది. కళాక్షేత్రం కట్టడం మంచిదే. కళాకారుడి పొయ్యిలో పిల్లి పడుకోకుండా చూడటం ఇంకా మంచిది.

ఇంగ తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నా మాట. నాగయ్య నుంచి నేర్చుకోవాల్సినవి రెండు. ఒకటి ఆయన చేసింది, రెండోది చేయనిది.

చేసింది ఏందంటే, వేషాన్ని ఎంచుకునేటప్పుడు నేను ఎట్ల కనపడతాను అని కాదు, ఆ మనిషి లోపల ఏముంది అని చూసినాడు. మీరు చేసే నిమిషం రీలుకు కూడా ఇదే లెక్క. మన ఊర్లో సంతలో కూరగాయలమ్మే అవ్వ ఎట్ల కూర్చుంటుంది, అప్పు తీర్చలేని రైతు బ్యాంకు ముందర ఎట్ల నిలబడతాడు, అది చూడండి. ఆ చూపు లేకుండా ముఖానికి ఎన్ని ఫిల్టర్లు పెట్టినా నటన రాదు.

చేయనిది ఏందంటే, లెక్క రాసుకోలేదు. పని చేసినాక కూలి అడగండి, కాగితం మీద రాయించుకోండి, కొంచెం దాచుకోండి. ఛాన్సు ఇప్పిస్తామని దుడ్లు అడిగేవాళ్లను నమ్మొద్దు. పది మంది కలిసి సంఘం పెట్టుకోండి. దానం చేయొద్దని నేను చెప్పను, ఆ మాట చెప్పడానికి నాగయ్య ముందర నా నోరు రాదు. కానీ ఇచ్చే చేయి ఎండిపోకుండా చూసుకోవాల్సింది కూడా మనమే.

ఈ ఎండాకాలం మీ ఊర్లో భారతం జరిగితే, తపస్సు మాను ఎక్కేటప్పుడు వీడియో తీసి ఊరుకోవద్దండి. అర్జునుడు కిందికి దిగినాక, వేషం తీసేసి గుడి పక్కన బీడీ కాల్చుకుంటా కూర్చున్నప్పుడు దగ్గరికి పోండి. ఎన్నేండ్లనుంచి కడుతున్నావు తాతా అని అడగండి. ఇంటికి పోయి ఫోన్లో యోగి వేమన పెట్టుకొని చూడండి. రెండింటికీ నడుమ దారి ఉన్నట్టు మీకే తెలుస్తుంది. నాగయ్య నడిచింది ఆ దారిలోనే.